పండక్కి ఇవ్వడానికి చేత్తో చేసిన చిన్న చాకులు: ఏం చూసి కొనాలి?

వేపపుల్ల:
ఈసారి పండక్కి ఐదుగురికి తలా ఒక చిన్న చాకు ఇద్దామనుకుంటున్నాను. మడతచాకు కాదు, ఒరలో పెట్టుకునే రకం. ఎవరో ఒకరు కూర్చుని చేత్తో చేసినదై ఉండాలి. నాన్న పొద్దస్తమానం మొక్కల దగ్గరే ఉంటారు, అంట్లు కడతారు. తమ్ముడు చెక్కతో బొమ్మలు చెక్కుతాడు. మిగిలిన ముగ్గురూ స్నేహితులు, అట్టపెట్టెలు విప్పడానికీ తాళ్ళు కోయడానికీ తప్ప ఇంకెందుకూ వాడరు.

పోయినేడాది ఆన్‌లైన్‌లో ఒంటినిండా అలలు అలలుగా గీతలున్న డమాస్కస్ చాకు కొన్నాను. చూడ్డానికి ఎంత బాగుందో! నాలుగు అట్టపెట్టెలు కోసేసరికి మొద్దుబారింది. నెల తిరక్కుండా పిడి కదిలింది. అలాంటిది ఇంకొకరి చేతిలో పెట్టడం నాకు ఇష్టం లేదు. ఒక్కోదానికి ఎక్కువ ఖర్చు పెట్టలేను. తక్కువ ధరలో మంచిది ఎలా గుర్తుపట్టాలి?

ఆకురాయి:
ఎనిమిదేళ్ళుగా సెలవు రోజుల్లో చాకులు చేస్తున్నాను. చిన్న చాకులో ఇనుము ఖర్చు చాలా తక్కువ, ధరంతా శ్రమది. ధర తగ్గిందంటే చేసినవాళ్ళు ఎక్కడో పని తగ్గించుకున్నట్టే. ఎక్కడ తగ్గించారన్నదే మీరు చూసుకోవాలి.

నునుపు తక్కువైనా, పిడి సాదాగా ఉన్నా నష్టం లేదు. హీట్ ట్రీట్‌మెంట్‌లో, అంటే అలుగుని కాల్చి గట్టిపరిచే పనిలో, తగ్గిస్తేనే అది చాకు ఆకారంలో ఉన్న ఇనపముక్క అవుతుంది. నేను ఎక్కువగా వాడేది 1084 అనే కార్బన్ స్టీలు. దాన్ని సుమారు 815 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చి నూనెలో ముంచాలి. ఆ క్షణంలో అది గట్టిదే కానీ గాజులా పెళుసు, కింద పడితే విరిగినా విరుగుతుంది. అందుకే వెంటనే 200 డిగ్రీల దగ్గర రెండేసి గంటల చొప్పున రెండుసార్లు ఓవెన్‌లో ఉంచుతాను. నూనెలోంచి తీశాక ఆకురాయి పెట్టి తోసి చూస్తాను. సరిగ్గా గట్టిపడితే గాజు మీద గోరు జారినట్టు జారిపోతుంది. లేకపోతే పళ్ళు పట్టుకుని, గరగరమంటూ సన్నటి రజను రాలుతుంది. అప్పుడు మొత్తం పని మళ్ళీ మొదటికొస్తుంది. ఈ తేడా ఫోటోలో కనిపించదు. అందుకే అమ్మేవాళ్ళని రెండే అడగండి: ఇది ఏ స్టీలు, హీట్ ట్రీట్‌మెంట్ ఎలా చేశారు? స్వయంగా చేసినవాళ్ళు ఉత్సాహంగా, అవసరమైన దానికన్నా ఎక్కువే చెబుతారు. ‘హై కార్బన్ స్టీల్ అండీ’ అని ఆపేస్తే వదిలేయండి.

డమాస్కస్ గీతలు రెండు రకాల స్టీళ్ళని పొరలుగా అతికి, యాసిడ్‌లో ముంచితే తేలేవి. పదును ఎన్నాళ్ళు నిలుస్తుందో ఆ గీతలు చెప్పవు. అంత పనీ నిజంగా చేసినవాళ్ళు చవగ్గా అమ్మలేరు. మీ బడ్జెట్‌లో సాదా స్టీలే మేలు.

మీ ముగ్గురు స్నేహితులకి కిరిదాషి చూడండి. జపాన్‌లో పుట్టిన రకం, పిడీ అలుగూ ఒకే ముక్క, కొస ఏటవాలుగా ఉంటుంది. పిడికి చెక్కలు, రివిట్లు అక్కర్లేదు కాబట్టి నిజాయితీగానే చవక. పిడి కదులుతుందన్న టెన్షన్ కూడా లేదు. కైడెక్స్ ఒర అడగండి. అది వేడిచేసి అచ్చులో నొక్కే ప్లాస్టిక్, తోలు కుట్టినంత సమయం పట్టదు.

చెక్కపొట్టు:
తమ్ముడికి మాత్రం కిరిదాషి వద్దు. బొమ్మలు చెక్కడానికి అలుగు ఐదారు సెంటీమీటర్లుంటే చాలు, మందం రెండున్నర మిల్లీమీటర్లు దాటకూడదు. మందంగా ఉంటే చెక్కని కోయదు, చీలుస్తుంది. స్కాండీ గ్రైండ్ అని అడగండి, అంటే వాదర దాకా ఒకే చదునైన వాలు. అలుగు పక్కనున్న వాలు మొత్తం చెక్కకి ఆనుతుంది, ఎంత లోతుకి దిగుతుందో చేతికి తెలుస్తుంది. సాన పట్టేటప్పుడూ ఆ వాలునే రాయి మీద ఆనిస్తే సరిపోతుంది. పిడి మీద వేళ్ళకి గుంటలున్నవి కొనకండి. చెక్కేటప్పుడు పట్టు నిమిషానికోసారి మారుతుంది, ఆ గట్లు అరచేతిలో పొక్కులు తెప్పిస్తాయి.

ఇంకో మాట. పిడి లేకుండా ఉత్త అలుగు అమ్మేవాళ్ళుంటారు, సగానికి సగం ఆదా. చెక్కపని తెలిసినవాడు పిడి తనే చేసుకుంటాడు. మా అక్క నాకు అలాగే ఇచ్చింది. నేరేడు కొమ్మతో పిడి చేసుకోవడానికి మూడు ఆదివారాలు పట్టింది. నా దగ్గరున్న చాకులన్నిటిలో ముందు చెయ్యి వెళ్ళేది దాని మీదికే.

అంటుమామిడి:
నాన్నగారి సంగతి నేను చెబుతాను. మొక్కల పాలు, తడి, మట్టి తగులుతుంటే కార్బన్ స్టీలు రోజూ తుడిచి నూనె రాసేవాళ్ళకే. ఆయనకి స్టెయిన్‌లెస్ తీసుకోండి. 14సీ28ఎన్, ఏఈబీ-ఎల్ లాంటివి పదును బాగా నిలబెట్టుకుంటాయి, తుప్పుకీ తట్టుకుంటాయి.

తోలు ఒర అందంగా ఉంటుంది కానీ చాకుని అందులోనే ఉంచేయొద్దని చెప్పండి. తోలు తడి పట్టి ఉంచుతుంది. నా మొదటి చాకుని ఒక వర్షాకాలమంతా ఒరలోనే మర్చిపోయాను. తీసి చూస్తే వాదర పొడుగునా గోధుమరంగు చుక్కలు, గోరు పెడితే గుంట తగిలింది. సాన పట్టినా పూర్తిగా పోలేదు.

అంటు కట్టే చాకులు చాలావాటికి వాలు ఒకవైపే ఉంటుంది, రెండోవైపు చదును. ఆ చదును వల్లే కోత బల్లపరుపుగా వస్తుంది, రెండు కొమ్మలూ సందు లేకుండా కలుస్తాయి. అందుకే నాన్నగారిది ఏ చేతివాటమో కనుక్కోండి.

వేపపుల్ల:
నాన్నది ఎడమచేతి వాటం! ఇది అడగాలని నాకు తట్టనే లేదు. ఇన్నాళ్ళూ కుడిచేతి చాకుతోనే అవస్థ పడ్డారేమో. ఆయనదొక్కటీ ఎడమచేతికి చేయించమని చెబుతాను. తమ్ముడికి ఉత్త అలుగే. స్నేహితులకి కిరిదాషిలు, ఒకే మనిషి దగ్గర మూడూ.

ఆకురాయి:
ఎడమచేతి వాలు అంటే చాలామంది దగ్గర రెడీగా ఉండదు, కాబట్టి అది ఇవాళే చెప్పండి. పండగ ముందు మా అందరికీ ఆర్డర్లు ఒక్కసారే వస్తాయి, హీట్ ట్రీట్‌మెంట్ తొందరపెడితే అయ్యేది కాదు. విమానంలో తీసుకెళ్ళేట్టయితే చేతిసంచిలో పెట్టకండి, చెక్-ఇన్ సామానులో పెట్టండి. కిరిదాషిలు రాగానే ఒక్కొక్కటీ ఒరలో పెట్టి, కింద మెత్తటి దుప్పటి పరిచి, తలకిందులుగా పట్టుకుని గట్టిగా ఊపండి. జారితే ఒర వెనక్కి పంపండి. దాన్ని మళ్ళీ వేడిచేసి నొక్కడం పది నిమిషాల పని, ఎవరూ విసుక్కోరు.