సవర బిడ్డ కేసులో సవర మనిషికి కుర్చీ వేయాలా, వద్దా?

మందస కుర్రోడు: దిక్కులేని, ఆపదలో ఉన్న పిల్లలు ఎక్కడుండాలో తేల్చేది బాలల సంక్షేమ కమిటీ. అందులో ఛైర్మన్ కాక నలుగురు సభ్యులు. ఒక మహిళ, పిల్లల విషయాలు తెలిసిన నిపుణుడు ఒకరు తప్పనిసరి అంది 2015 బాలల న్యాయ చట్టం. సవరల్లాంటి గిరిజన తెగ బిడ్డ కేసైతే ఆ తెగ మనిషి ఉండాలని మాత్రం లేదు. అమెరికాలో 1978 చట్టం ప్రకారం ఆదివాసీ బిడ్డను ఇంటి నుంచి తీసే కేసులో తెగకి కబురు పెట్టాలి, తెగ కేసులో చేరొచ్చు. 2023లో అక్కడి సుప్రీంకోర్టు కూడా ఆ చట్టాన్ని నిలబెట్టింది. మనకేటి అడ్డు?

టెక్కలి లాయరు: అడ్డుంది బాబూ. కులపెద్దల్ని కూర్చోబెడితే తప్పు కట్టించి రాజీ చేసేస్తారు. పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సోలో రాజీ లేదు. నిందితుడు ఆ పెద్దకి తమ్ముడో అల్లుడో అయితే? పైగా పిల్ల ఎవరన్నది బయటికి పొక్కకూడదు, 2015 చట్టం 74వ సెక్షన్.

హాస్టల్ మాస్టారు: లాయరు గారూ, కమిటీ ముందుకి వచ్చేవన్నీ నేరం కేసులు కావు. పలాస స్టేషన్లో ఓ సవర పిల్ల ఒంటరిగా దొరికింది, అమ్మానాన్నలు వలస పోయారు. మా హాస్టల్ ఆయమ్మ సవర, ఆమెని పిలిస్తే నేనూ తోడెళ్లాను. "మీవాళ్లెక్కడ?" అంటే పిల్ల నేలచూపులు. ఫైల్లో "సంరక్షకులు లేరు" అని అప్పటికే రాసేశారు. ఆయమ్మ పక్కన చతికిలబడి, జీడిపిక్కలు ఎవరితో ఏరతావు, సంతకి ఎవరు తీసుకెళ్తారు అని సవరలో అడిగింది. మేనమామ బయటపడ్డాడు, ఊరూ తెలిసింది. లేదంటే పిల్లల హోంకే! హోం చివరి మార్గమే కావాలని 2015 చట్టమే, మూడో సెక్షన్లో, అంటోంది. దర్యాప్తు నివేదికకి 15 రోజులు ఇచ్చారు కదా, ఆ రోజుల్లో తెగ మనిషి మాట వినండి. ఎవరింట్లో తాగుడుందో, ఎవరు పెంచగలరో వాళ్లకే తెలుసు. ఓటు వద్దు. నేరం కేసుల్లో గదిలోకే వద్దు.

టెక్కలి లాయరు: మాస్టారూ, అది దుబాసీ పని. ఇప్పుడూ చేయించుకోవచ్చు, ప్రాతినిధ్యం అనకండి. ప్రతినిధిని ఎన్నుకునేది ఎవరు? మందస, మెళియాపుట్టి కొండల్లో చాలా ఊళ్లు రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కింద ప్రకటించిన గిరిజన ప్రాంతాల్లోనే లేవు. ఆ ప్రాంతాల గ్రామసభలకి అధికారాలిచ్చిన 1996 పెసా చట్టం అక్కడ చెల్లదు.

మెళియాపుట్టి అమ్మాయి: నేను సవరనే. తెగ మనిషంటే మగ పెద్దే అని లాయరు గారు ఖాయం చేసేశారు. 16 ఏళ్లకే నాకు పెళ్లి చేసేద్దామన్నది మా పెద్దలే. అడ్డుపడింది మా అంగన్‌వాడీ అక్క, ఆవిడా సవరే. అలాంటి ఆడవాళ్లు ఇద్దరు ముగ్గుర్ని జాబితాలో పెట్టి, పిల్ల ఊరు కాని ఊరి నుంచి పిలవండి.

టెక్కలి లాయరు: వేరే ఊరి మనిషంటే చుట్టరికం గొడవ కొంత తగ్గుతుంది, ఒప్పుకుంటా. కానీ మేనమామింట్లో తాగుడు సంగతి ఆవిడకెలా తెలుస్తుందమ్మా?

మెళియాపుట్టి అమ్మాయి: సంతలో అడిగితే చెబుతారండీ. మీ ఆఫీసుకొచ్చి చెప్పరు.