గద్దర్ క్యాసెట్లు: గాయకుడి పేరున భద్రపరచాలా, జన నాట్య మండలి పేరున భద్రపరచాలా?

ప్రశ్న – అటకమీదిటేపు (సికింద్రాబాద్)

ఎర్రగడ్డ ఆదివారం సంతలోనూ, ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీదా, తెలిసినవారి ఇళ్లలోనూ దొరికిన గద్దర్ గారి పాత క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించే పని పెట్టుకున్నాను. కొన్నింటి అట్టమీద ఆయన బొమ్మ ఉంది, కొన్నింటిమీద ఆయన పనిచేసిన విప్లవ కళాబృందం ‘జన నాట్య మండలి’ పేరు తప్ప మరే పేరూ లేదు, ఇంటి దగ్గర కాపీ చేసుకున్నవాటిమీద ‘విప్లవ గీతాలు’ అన్న చేతిరాత మాత్రమే ఉంది. ఒకే పాట ఒక క్యాసెట్టులో ఆయన గొంతులోనూ, మరొకదానిలో బృందం గొంతులోనూ వినిపిస్తోంది. వీటిని గాయకుడి పేరున ఒకచోట చేర్చాలా, దళం పేరున చేర్చాలా? సినిమాలలో ఆయన పాడినవాటిని ఎక్కడ పెట్టాలి? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు – దరువు

ఆ రెండింటినీ విడదీయాలనుకోవడమే ఈ సేకరణలో చిక్కు తెచ్చిపెడుతుందని నా అభిప్రాయం. బి. నర్సింగరావు గారి చొరవతో మొదలైన ఆర్ట్ లవర్స్ బృందమే 1972లో జన నాట్య మండలిగా మారింది. తూప్రాన్‌కు చెందిన గుమ్మడి విఠల్ రావు, బ్రిటిష్ పాలనను ఎదిరించిన గదర్ పార్టీ స్ఫూర్తితో ‘గద్దర్’గా ప్రసిద్ధులైనది ఆ బృందంలో పనిచేస్తూనే. గోచీ, గొంగడి, కాలికి గజ్జె, పక్కన డప్పు, వెనక పల్లవి అందుకునే గొంతులు, ఇవన్నీ కలిసిన ప్రదర్శనలో ఏ భాగం గాయకుడిది, ఏ భాగం దళానిది అని గీత గీయడం సాధ్యం కాదు.

అందువల్ల పేరునుబట్టి కాక, రికార్డు అయిన సందర్భాన్నిబట్టి అమర్చి, ప్రతి పాటకూ రాసినవారు, ప్రధాన గాయకులు, వంతపాడినవారు, మొదట విడుదలైన రూపం అనే గడులను వేర్వేరుగా నింపండి. ఈ జాగ్రత్త ఎందుకు అవసరమో సినిమా పాటలే చెబుతాయి. నర్సింగరావు గారు నిర్మాతల్లో ఒకరైన ‘మా భూమి’ (1980)లో ‘బండెనక బండి కట్టి’ పాడుతూ గద్దర్ తెరమీద కనిపిస్తారు కనుక, ఆ పాట ఆయన రచనే అని నమ్మేవారు నేటికీ ఉన్నారు. కానీ అది తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాట. దీనికి సరిగ్గా తలకిందులుగా, ‘ఒరేయ్ రిక్షా’ (1995)లోని ‘మల్లెతీగకు పందిరివోలె’ గద్దర్ రాసినదే అయినా, వినిపించే గొంతు వందేమాతరం శ్రీనివాస్ గారిది. ‘జై బోలో తెలంగాణ’ (2011)లోని ‘పొడుస్తున్న పొద్దుమీద’కు మాత్రం రచనా, గానమూ రెండూ ఆయనవే. ఒక్క ‘గద్దర్ పాటలు’ అన్న పేరుకింద ఈ మూడింటినీ పోస్తే, రేపు వినేవారికి మనమే తప్పుడు సమాచారం అందించినవాళ్లమవుతాము.

తేదీ లేని టేపులను గుర్తించడానికి పాటకంటే పాటల మధ్య ఆయన చెప్పే మాటలే ఎక్కువ పనికి వస్తాయి. ఒంట్లో మిగిలిన తూటా ప్రస్తావన వస్తే అది 1997 ఏప్రిల్ 6న ఆయనపై జరిగిన కాల్పుల తరువాతి రికార్డేనని నిశ్చయంగా రాసుకోవచ్చు.

జవాబు – రీలుపెట్టె

దరువు గారి మాటతో ఏకీభవిస్తూనే, ఒక్క విషయం గట్టిగా చెప్పదలచుకున్నాను: టేపును పాట పాటగా కోసి పెట్టకండి. ఒక వైపు మొత్తాన్ని 24 బిట్, కనీసం 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా ఆగకుండా ఎక్కించి మూలప్రతిగా ఉంచుకుని, పాటల ముక్కలను దాని నకలు నుంచి మాత్రమే తీయండి. మాటలు, జనం కేకలు, గజ్జెల సర్దుబాటు, ఇవన్నీ ఆ రికార్డుకు ఆధారాలే. నాయిస్ తీసేసే సాఫ్ట్‌వేర్‌ను మూలప్రతి దరిదాపులకు రానివ్వకండి, ఎందుకంటే అది టేపు బుసతోపాటు గజ్జెల మోతను కూడా కొరికేస్తుంది.

ఏళ్ల తరబడి కదలని క్యాసెట్టును ముందుగా ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పి, ఆ తరువాతే ప్లే చేయండి. లోపల టేపును హెడ్‌కు అదిమి ఉంచే చిన్న మెత్త (ప్రెషర్ ప్యాడ్) ఊడిపోయి ఉంటే, మరలు విప్పగలిగే మరో క్యాసెట్టు డబ్బాలోకి టేపును మార్చవచ్చు. ప్రతి క్యాసెట్టుకూ ముందు హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అజిముత్ (టేపుకు హెడ్ నిలిచే కోణం) సరిచూసుకోండి. సభల్లో బ్యాటరీ రికార్డర్లతో పట్టినవైతే ఇంకొక మెలిక ఉంటుంది: బ్యాటరీ నీరసించినప్పుడు టేపు నెమ్మదిగా నడుస్తుంది కనుక, సరైన వేగంతో వినిపించినప్పుడు గొంతు సన్నగా, పాట పరుగుగా వస్తుంది. అటువంటి టేపును విని అది వేరే గాయకుడని చీటీ అతికించవద్దు.

అటకమీదిటేపు

ఇద్దరికీ ధన్యవాదాలు. నా దగ్గరి క్యాసెట్లలో వంగపండు ప్రసాదరావు గారి ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ కూడా ఉంది. ఆయన ఉత్తరాంధ్రవారు కనుక, హైదరాబాదు సేకరణ నుంచి తప్పించి విడిగా పెట్టడం సబబేనా?

జవాబు – దరువు

వద్దండి. వంగపండు గారు జన నాట్య మండలి వ్యవస్థాపకులలో ఒకరు. ఆయనది ఉత్తరాంధ్ర యాస, గద్దర్ గారిది మెదక్ యాస; రెండూ ఒకే బృందం నుంచి వచ్చాయన్నది ఈ సేకరణలో వినిపించవలసిన ముఖ్యమైన సంగతి. ప్రాంతం కోసం మరొక గడి చేర్చండి, పెట్టె మాత్రం మార్చకండి.

జవాబు – చట్టంచూపు

భద్రపరచడం ఒకటి, నెట్‌లో అందరికీ పెట్టడం మరొకటి. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత సాహిత్యంపై హక్కు ఆయన మరణించిన ఏడాది తరువాత 60 ఏళ్లు ఉంటుంది, అంటే 2023 ఆగస్టులో కన్నుమూసిన గద్దర్ గారి రచనలకు 2083 చివరి వరకు. విడుదలైన క్యాసెట్టులోని ధ్వనిముద్రణకు విడిగా మరో 60 ఏళ్ల లెక్క ఉంది. జాబితాను, అట్టల వివరాలను నిశ్చింతగా అందరికీ పంచండి. పాటలను బయట పెట్టేముందు కుటుంబ సభ్యులనూ, క్యాసెట్టు కంపెనీ ఇంకా ఉంటే వారినీ రాతపూర్వకంగా అడగండి. బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం వంటి గ్రంథాలయంతో మాట్లాడి ఒక ప్రతి అక్కడ ఉంచే ఏర్పాటు చేసుకుంటే, మీ హార్డ్ డిస్కు పాడైనా సేకరణ మిగులుతుంది.