1890 నాటి ఇల్లు, గుమ్మంలో చామంతి కుండీలు

పర్లాకిమిడి నుంచి వచ్చిన కొత్తవాడు, ఊస్టర్ దగ్గర, మసాచుసెట్స్:

పెద్దలందరికీ నమస్కారం. మేం పోయినేడు జూన్‌లో వచ్చాం. నేను, మా ఆవిడ, మూడేళ్ళ పాప. అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. మొన్న ఆదివారం ఒక ఇల్లు చూశాం. 1890లో కట్టిన చెక్క ఇల్లు. ప్రకటనలో ‘అప్‌డేట్ చేసిన హిస్టారిక్ హోమ్’ అని రాశారు. వంటిల్లు కొత్తది, బాత్రూములు కొత్తవి, గోడలకి తాజా రంగు. మెట్ల మీద అటూ ఇటూ పసుపు చామంతులు. చూడగానే మా ఊళ్ళో తాతగారి పెంకుటిల్లు గుర్తొచ్చి మనసు అక్కడే ఉండిపోయింది. ఈ వారంలో ఆఫర్ పెడదామనుకుంటున్నాం. మా ఆవిడేమో ఇప్పుడే చామంతి, బంతి నాటేస్తే దీపావళికి గుమ్మం నిండా పూస్తాయంటోంది. ఏం చూసుకోవాలో, ఏం నాటాలో చెప్పండి.

రాయగడ వాడు, పెన్సిల్వేనియా:

బాబూ, నాది ఒక్కటే మాట. కరెంటు చూసుకో. ఆ కాలం ఇళ్ళలో పింగాణీ బొడిపెల మీద లాగిన పాత తీగలుంటాయి, నాబ్ అండ్ ట్యూబ్ అంటారు. కింద ప్యానెల్ కొత్తది పెట్టినంత మాత్రాన గోడల్లో తీగలు కొత్తవైపోవు. ఇల్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్‌ని అటక మీదికి ఎక్కి టార్చి వేసి చూడమను. ఆ తీగలుంటే ‘ఇన్సూరెన్స్ ఇవ్వం’ అనే కంపెనీలు చాలా ఉన్నాయి, ఇన్సూరెన్స్ లేకపోతే బ్యాంకు లోను ఇవ్వదు. ముందు ఆ సంగతి తేల్చుకో.

బరంపురం అక్క:

తమ్ముడూ, నేను ఇరవై రెండేళ్ళు మీ మసాచుసెట్స్‌లోనే, 1905 నాటి ఇంట్లో ఉన్నాను. దసరాకి వచ్చి, బరంపురం పెద్ద బజారు వెనక మా నాన్నగారి ఇంటి అరుగు మీద కూచుని ఇది రాస్తున్నాను. ఈ ఇంటి గోడ చూస్తుంటే నీకు చెప్పాల్సిన మొదటి మాట ఇక్కడే కనబడుతోంది.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా పెంకులు లేచిపోయాయి, గోడలు నానిపోయాయి. తర్వాత బాగు చేయించినప్పుడు మేస్త్రి పాత సున్నం గోడల మీద సిమెంటు పూసి, నున్నగా చేసి రంగు వేశాడు. అందరూ ఇల్లు కొత్తగా ఉందన్నారు. రెండు వానాకాలాలు గడిచేసరికి అడుగున ఉప్పు పొంగింది, ఆ పూత పెచ్చులు పెచ్చులుగా ఊడుతూ ఇటుక మొహాన్ని కూడా లాక్కొచ్చింది. సున్నం గోడలో చెమ్మ చేరినా బయటికి ఆరిపోవాలి. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. అమెరికాలో నూరేళ్ళు దాటిన ఇటుక పునాదులకీ ఇదే ధర్మం. బేస్‌మెంట్ గోడకి కొత్త తెల్లరంగు కనబడితే సంతోషపడకు. మూలల్లో తెల్లటి పొడి ఉందేమో, నేల దగ్గర నీటి గీత ఉందేమో వంగి చూడు. వానపడిన మర్నాడు మళ్ళీ ఒకసారి వెళ్ళు.

‘అప్‌డేట్’ అన్న మాటకి రుజువు టౌన్ ఆఫీసులో దొరుకుతుంది. బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌లో ఆ ఇంటి అడ్రసు మీద తీసుకున్న పర్మిట్లు ఎవరైనా అడిగి చూడొచ్చు. వంటిల్లు మొత్తం మార్చి కరెంటుకీ, ప్లంబింగ్‌కీ పర్మిట్ లేదంటే, ఆ పని ఎవరు చేశారో అమ్మేవాళ్ళని అడుగు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, మీ పాప సంగతి. ఇళ్ళలో వాడే రంగుల్లో సీసం (లెడ్) కలపడాన్ని అమెరికా 1978లో నిషేధించింది. అంతకుముందు కట్టిన ఇల్లు అమ్మేటప్పుడు, అమ్మేవాళ్ళు సీసం గురించి తమకి తెలిసింది చెప్పి తీరాలి, పరీక్ష చేయించుకోడానికి కొనేవాళ్ళకి పదిరోజుల గడువివ్వాలి. ఆ గడువు వద్దని సంతకం పెట్టమంటారు, పెట్టకు. మసాచుసెట్స్ చట్టం ఇంకా గట్టిది. ఆరేళ్ళలోపు పిల్లలున్న పాత ఇంట్లో సీసం ప్రమాదాన్ని తీసేయడమో, కప్పేయడమో చేయాల్సింది యజమానే. కొన్న మర్నాటి నుంచి ఆ యజమానివి నువ్వే. అందుకని, సీసం పని పూర్తయినట్టు కంప్లయన్స్ లెటర్ ఉందా అని ముందే అడుగు. లేకపోతే ఆ ఖర్చు ధరలో తగ్గించమను. పైకీ కిందికీ జరిపే పాత చెక్క కిటికీలు మరీ ప్రమాదం. రాసుకున్నప్పుడల్లా సన్నటి పొడి రాలి కిటికీ గడపలో పడుతుంది. పిల్లలు అక్కడే చేతులు పెట్టి, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. నా మాట విని లైసెన్సున్న లెడ్ ఇన్‌స్పెక్టర్ చేత పరీక్ష చేయించు.

హిస్టారిక్ అన్న మాటకి రెండర్థాలున్నాయి. నేషనల్ రిజిస్టర్‌లో, అంటే చారిత్రక స్థలాల జాతీయ జాబితాలో, ఉండటం గౌరవమే. నీ సొంత డబ్బుతో మార్చుకుంటే, అందులో ఉన్నంత మాత్రాన ఎవరూ అడ్డు చెప్పరు. లోకల్ హిస్టారిక్ డిస్ట్రిక్ట్‌లో, అంటే ఊరే చారిత్రకమని గీత గీసిన పేటలో, ఉంటే మాత్రం వీధిలోంచి కనబడే భాగంలో ఏం మార్చాలన్నా కమిషన్ అనుమతి కావాలి. నీది ఏదో టౌన్ హాల్లో కనుక్కో.

పూల సంగతికొస్తే, ఆ మెట్ల మీది కుండీలు ఇల్లు చూడ్డానికొచ్చే వాళ్ళ కోసం పెట్టినవి. ఇక్కడ గిరిజా బజార్లో ఇంకా చామంతి రాలేదు, బంతి గుట్టలు పోసున్నాయి. మనవేపు వానల్లో చామంతి కొమ్మ గుచ్చితే రాత్రులు పెరిగేకొద్దీ మొగ్గ తొడిగి చలికాలమంతా పూస్తుంది. రాత్రి పొడుగైతే పూయడం అక్కడా ఇక్కడా ఒకటే. కానీ అక్కడ ఆ వెనకాలే నేల గడ్డకడుతుంది. షాపులో పూసున్న చామంతిని అక్టోబర్లో నేలలో పెడితే దాని బలమంతా పువ్వులోనే ఉంటుంది, వేరు దిగడానికి వ్యవధి చాలదు. నేల గడ్డకట్టి, కరిగి, మళ్ళీ గడ్డకట్టేసరికి మొక్క పైకి లేచి ఎండిపోతుంది. మొదటి ఏడు నేను ఆరు మొక్కలు అలా పోగొట్టుకుని ఏడ్చాను. ఈ ఏడు చామంతిని కుండీలోనే ఉంచుకోండి. శాశ్వతంగా కావాలంటే వసంతంలో నాటండి. బంతికి ఒక్క రాత్రి గడ్డకట్టే చలి చాలు, తెల్లారేసరికి నల్లబడిపోతుంది.

అయినా ఇప్పుడు ఆఫర్ పెడితే తాళాలు చేతికొచ్చేది నవంబర్లో. అప్పుడు నాటగలిగేవి వసంతంలో పూసే పూల దుంపలే. డాఫడిల్, క్రోకస్, తులిప్. నేల గడ్డకట్టేలోపు ఎప్పుడు పెట్టినా పరవాలేదు. వాటికి ఆ చలి కావాలి, చలి తగలకపోతే పూయవు. దుంప ఎత్తుకి రెండు మూడింతల లోతు తవ్వి, మొన పైకి ఉండేలా పెట్టండి. తులిప్‌ని జింకలు తినేస్తాయి, డాఫడిల్ జోలికి రావు. ఎందుకంటే అది విషం. చూడ్డానికి అచ్చం ఉల్లిపాయలా ఉంటుంది, వంటింట్లోగానీ పాపకి అందేచోటగానీ పెట్టవద్దని మీ ఆవిడకి మరీ మరీ చెప్పు.

పెరడంతా ఈ ఏడే తవ్వకండి. అలాంటి పాత ఇళ్ళలో ఎవరో ఎప్పుడో నాటిన పియోనీలు, లైలాక్‌ల లాంటి పూల మొక్కలు ఉంటాయి. మే నెల దాకా ఆగితే అవే కనబడతాయి.

పర్లాకిమిడి కొత్తవాడు:

అక్కా, పదిరోజుల గడువు కాయితం నిజంగానే పంపారు, సంతకం పెట్టలేదు. ఇంకొక్కటి. దక్షిణం గోడ పక్క ఎండ బాగా పడుతుంది, వచ్చే వేసవిలో అక్కడ గోంగూర, తోటకూర వేద్దామనుకున్నాం. వేయొచ్చా?

బరంపురం అక్క:

ఆ గోడ పక్క తినేవి ఏవీ వేయకు తమ్ముడూ. నూట ముప్పై ఏళ్ళుగా ఆ గోడ మీద గోకిన రంగు, చూరు నీళ్ళతో దిగిన రంగు అంతా ఆ మట్టిలోనే ఉంటుంది. సీసం మట్టిలోంచి ఎక్కడికీ పోదు. అక్కడ పూలే వెయ్యి, మట్టి కనబడకుండా చెక్కపొట్టు పరువు, గోడ చెక్కకి మాత్రం అది తగలనివ్వకు. గోంగూరకి ఇంటికి దూరంగా చెక్క పెట్టెలు కట్టి, కొన్న మట్టి పోసుకోండి. ఆమ్‌హెర్‌స్ట్‌లో యూనివర్సిటీ వాళ్ళ మట్టి పరీక్ష ల్యాబ్ ఉంది, సీసం ఎంతుందో చెప్తారు. గోడ పక్క మట్టి ఒక సంచిలో, పెరటి మధ్య మట్టి వేరే సంచిలో పంపు, రెండూ కలపకు. రిపోర్టు వచ్చాక ఇక్కడ పెట్టు, చూసి చెప్తాను.