ఉన్నది ఒకే భూమి, మరి 1.7 భూములు ఎలా వాడేస్తున్నాం?

నీలిమబ్బు:

అందరికీ నమస్కారం. రెండు రోజులుగా ఒక విషయం బుర్రలో తిరుగుతోంది, ఇక్కడ తెలిసినవాళ్ళు ఉంటారని అడుగుతున్నా. మొన్న రాత్రి ఎకలాజికల్ ఫుట్‌ప్రింట్ క్విజ్ ఒకటి చేశాను, అంటే మన బతుకుకి ప్రకృతి నుంచి ఎంత వాడుకుంటున్నామో లెక్కగట్టేది. ముందు ఏ దేశంలో ఉంటున్నారో ఎంచుకోమంది. తర్వాత మాంసం ఎన్నిసార్లు తింటారు, ఇల్లు ఎంత పెద్దది, అందులో ఎంతమంది ఉంటారు, వారానికి కారులో ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు, ఏడాదిలో ఎన్ని గంటలు విమానంలో ఉంటారు, ఇలా ఒక్కో ప్రశ్నకీ తెర మీద గీతని వేలితో అటో ఇటో జరపడమే. చివర్లో "అందరూ మీలాగే బతికితే 3.1 భూములు కావాలి" అని వచ్చింది.

నిజంగా బాధేసింది, ఎందుకంటే నేను దుబారా మనిషిని కాదు. సరే అని మళ్ళీ మొదట్నుంచి చేశా. ఈసారి మాంసం సున్నా, కారు సున్నా, విమానం సున్నా, ఇల్లు ఒక చిన్న గది. గీతలన్నీ ఎడమ చివరికి లాగేశా. అయినా 1.3 దగ్గర ఆగిపోయింది, అంతకన్నా దిగనంటోంది. అంటే నేనేం చేసినా తప్పు చేస్తున్నట్టేనా?

ఇంకో సంగతి. ప్రపంచం మొత్తం మీద 1.7 భూములు వాడుతున్నాం అని రాస్తారు కదా, ఉన్నది ఒకటే అయితే ఆ పై 0.7 ఎక్కడి నుంచి వస్తోంది? లేనిదాన్ని ఎలా వాడతాం? పంట పొలాన్నీ కారు పొగనీ కలిపి హెక్టార్లలో చెప్పడం కూడా నాకు అర్థం కాలేదు. కాస్త విడమరిచి చెప్పండి.

చెట్టునీడ:

ముందు ఆ 0.7 సంగతి చూద్దాం. బ్యాంకులో డబ్బు వేసుకుని వడ్డీ మీద బతికే మనిషిని ఊహించుకోండి. ఏడాదికి వంద వడ్డీ వస్తే నూట డెబ్బై ఖర్చు పెడుతున్నాడు. పై డెబ్బై ఎక్కడిది? అసల్లోంచి తీస్తున్నాడు. కొన్నేళ్ళ వరకూ ఇంట్లో ఎవరికీ తేడా తెలియదు, బాగానే గడిచిపోతున్నట్టు ఉంటుంది. కానీ ప్రతి ఏడూ అసలు తరుగుతుంది, దాంతో వచ్చే వడ్డీ కూడా తగ్గుతూ పోతుంది.

భూమి విషయంలో వడ్డీ అంటే ఒక ఏడాదిలో అడవులు పెరిగినంత కలప, సముద్రంలో మళ్ళీ పుట్టి పెరిగినన్ని చేపలు, నేల పండించినంత పంట, చెట్లు పీల్చుకోగలిగినంత కార్బన్ డయాక్సైడ్. దీన్నే బయోకెపాసిటీ అంటారు. ఎప్పుడైనా నరికిన చెట్టు మొదలు దగ్గర కూర్చుని వలయాలు లెక్కపెట్టారా? ఒక్కో వలయం ఒక్కో ఏడు. వానలు బాగా పడిన ఏడు వలయం వెడల్పుగా ఉంటుంది, ఎండిపోయిన ఏడు సన్నటి దారంలా ఉంటుంది. అరవై ఏళ్ళ చెట్టుని రంపం నిమిషాల్లో కోసేస్తుంది. చెట్టు కొట్టడమే తప్పని నేను అనను. అడవి మొత్తం మీద ఈ ఏడు పడిన కొత్త వలయాలంత కలప తీసుకుంటే వడ్డీ తిన్నట్టు, అంతకు మించితే అసలుకే ఎసరు పెట్టినట్టు.

అయితే ఆ 0.7 చాలావరకు కలపా చేపలూ కాదు, గాల్లో పేరుకుంటున్న కార్బనే. పరిశ్రమలు రాకముందు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్ళకు 280 పాళ్ళు ఉండేది, ఇప్పుడు 420 దాటింది. అడవులూ సముద్రాలూ పీల్చుకోగా మిగిలిపోయిన పొగ అది. అందుకే 1.7 భూములు "వాడేస్తున్నా" కళ్ళముందు ఏమీ ఖాళీ అయినట్టు కనిపించదు. అప్పు కనబడని చోట పెరుగుతోంది.

ఇక హెక్టార్ల గొడవ. 1990ల మొదట్లో కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో విలియం రీస్, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసిన మాథిస్ వాకర్‌నాగెల్ కలిసి ఈ లెక్క తయారు చేశారు. ఒక మనిషి వాడేదాన్ని పండించడానికి, అతని పొగని పీల్చడానికి ఎంత నేల, ఎంత నీరు కావాలి అన్నది వాళ్ళ ప్రశ్న. పంట భూమి, మేత భూమి, అడవి, చేపల వేట జరిగే నీళ్ళు, కట్టడాలు ఆక్రమించిన స్థలం, వీటికి తోడు కార్బన్‌ని పీల్చుకోవడానికి కావలసిన అడవి. కారు పొగ హెక్టార్లలోకి వచ్చేది ఈ చివరి దారిలోనే. ఇసుక నేల హెక్టారూ సారవంతమైన నేల హెక్టారూ ఒకటి కాదు కాబట్టి అన్నిటినీ ప్రపంచ సగటు దిగుబడికి మార్చి గ్లోబల్ హెక్టారు అని పేరు పెట్టారు. ఇప్పుడు తలకు అందుబాటులో ఉన్నది సుమారు 1.5 గ్లోబల్ హెక్టార్లు, వాడుతున్నది సుమారు 2.6. భాగించి చూడండి, మీ 1.7 వచ్చేస్తుంది. మన మొత్తం పాదముద్రలో ఒక్క కార్బన్ వాటాయే 60 శాతం దాకా ఉంటుంది.

ఇదే లెక్కని క్యాలెండర్ మీద పెడితే ఎర్త్ ఓవర్‌షూట్ డే. 2025లో అది జులై 24న పడింది, అంటే ఏడాది వడ్డీ అప్పటికే అయిపోయింది. కోవిడ్‌తో అన్నీ ఆగిపోయిన 2020లో ఆగస్టు 22 దాకా వెళ్ళింది. ప్రపంచమంతా తలుపులు మూసుకుని కూర్చున్నా అది కదిలింది మూడు వారాలే, ఆ సంగతి నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. 1970ల మొదట్లో అయితే ఈ తేదీ డిసెంబరులోనే ఉండేది.

మీ గీతలు 1.3 దగ్గర ఎందుకు ఆగాయంటే, రోడ్లు, ఆసుపత్రులు, బడులు, ప్రభుత్వ భవనాలు, సైన్యం, వీటన్నిటి వాడకాన్నీ ఆ దేశంలో ఉన్న మనుషులందరికీ పంచేస్తారు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు మీ వాటా మీకు వచ్చి పడుతుంది. ఒక పని చేయండి, అవే జవాబులు ఇచ్చి దేశం మాత్రం మార్చి చూడండి.

తూనికరాయి:

పైన చెప్పింది బాగుంది కానీ ఒక మాట కలపకపోతే తప్పుదారి పట్టే ప్రమాదం ఉంది. నేను ఈ లెక్కని తీసిపారేసేవాణ్ణి కాదు, కానీ ఇది చూపించనివి చాలా ఉన్నాయి.

పంట భూమినే తీసుకోండి. ప్రపంచం మొత్తంగా చూస్తే పండిన పంటే ఒక పక్క వాడకం కింద, ఇంకో పక్క సామర్థ్యం కింద పడుతుంది. రెండు వైపులా అదే అంకె వచ్చినప్పుడు లోటు ఎలా కనిపిస్తుంది? 2013లో ప్లాస్ బయాలజీ పత్రికలో కొందరు శాస్త్రవేత్తలు సరిగ్గా ఇదే ఎత్తి చూపించారు, కార్బన్ తీసేస్తే ఈ లెక్కలో ఓవర్‌షూట్, అంటే సామర్థ్యానికి మించిన వాడకం, దాదాపు మిగలదని. దానర్థం నేలకి ఢోకా లేదని కాదు. పైమట్టి కొట్టుకుపోతున్నా, భూగర్భజలం అడుగంటుతున్నా, ఎరువులు గుప్పించి ఈ ఏడు దిగుబడి పెంచితే ఈ లెక్కల పుస్తకంలో సామర్థ్యం పెరిగినట్టే రాస్తారు. థర్మామీటరు జ్వరం చెబుతుంది కానీ ఎముక విరిగిందో లేదో చెప్పదు కదా, దీన్నీ అలాగే చూడాలి.

అందుకే నేను దీంతోపాటు ప్లానెటరీ బౌండరీస్ కూడా చదవమంటాను. 2009లో స్టాక్‌హోంలో యోహాన్ రాక్‌స్ట్రోమ్, ఇంకా చాలామంది శాస్త్రవేత్తలు కలిసి తొమ్మిది హద్దులు గీశారు. అన్నిటినీ కలిపి ఒకే అంకెగా చెప్పకుండా, దేనికది విడిగా ఎక్కడ దాకా వెళ్తే ప్రమాదం మొదలవుతుందో చెప్పారు. 2023 లెక్క ప్రకారం ఆరు దాటేశాం: వాతావరణం, జీవవైవిధ్యం, అడవుల నరికివేత, మంచినీరు, నైట్రోజన్ ఫాస్ఫరస్ చక్రాలు, మనిషి తయారు చేసి వదిలిన ప్లాస్టిక్ లాంటి కొత్త పదార్థాలు. 2025లో సముద్రాలు ఆమ్లమయం కావడం కూడా హద్దు దాటిందని ప్రకటించారు, ఏడు అయ్యాయి.

వీటిలో నైట్రోజన్ గురించి ఎవరూ మాట్లాడరు, నాకు అదే ఎక్కువ బెంగ. పొలంలో ఎరువుగా వేసిన నైట్రోజన్‌లో ప్రపంచ సగటున సుమారు సగమే పంటకి అందుతుంది. మిగతాదాంట్లో కొంత గాల్లో కలుస్తుంది, చాలా భాగం వాననీళ్ళతో కాలవలోకి, అక్కణ్ణుంచి నదిలోకి, నది నుంచి సముద్రంలోకి పోతుంది. అక్కడ నాచు విపరీతంగా పెరిగి, చచ్చి, కుళ్ళేటప్పుడు నీళ్ళలో ఆక్సిజన్ అంతా లాగేస్తుంది. చేపలు ఈదుకుంటూ తప్పించుకుంటాయి, అడుగున ఉండే ఆల్చిప్పలు తప్పించుకోలేవు. ఏ ఫుట్‌ప్రింట్ క్విజ్‌లోనైనా దీనికి గీత ఉందా?

దాటిన హద్దుల నుంచి వెనక్కి రాలేమా అంటే వచ్చిన ఉదాహరణ ఒకటుంది. ఓజోన్ పొరని తినేసే వాయువుల మీద 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, దేశాలు మాట నిలబెట్టుకున్నాయి, ఇప్పుడు ఆ పొర కోలుకుంటోంది. ఇప్పటి కట్టడి ఇలాగే సాగితే అంటార్కిటికా మీద 2066 ప్రాంతానికి అది 1980 నాటి స్థితికి వస్తుందని అంచనా. ఆ వాయువులు వాడిన స్ప్రే డబ్బాలు కొనడం మానేసినవాళ్ళు మంచి పనే చేశారు, కానీ పొరని నిలబెట్టింది కంపెనీలన్నిటికీ వర్తించిన నిబంధన.

పాతసైకిలు:

నీలిమబ్బు గారూ, మీ మొదటి ప్రశ్న, "నేనేం చేసినా తప్పేనా" అన్నది, అందరూ దాటేశారు. నేను దాని దగ్గర ఆగుతా, ఎందుకంటే ఒకప్పుడు నేనూ ఆ టెన్షన్‌లోనే కొన్ని నెలలు గడిపాను.

కార్బన్ ఫుట్‌ప్రింట్ (ఒక మనిషి వల్ల వెలువడే కార్బన్ లెక్క) అనే మాటని 2000ల మధ్యలో జనంలోకి బాగా తీసుకెళ్ళింది బీపీ అనే చమురు కంపెనీ, ప్రకటనలతో, సొంత కాలిక్యులేటర్‌తో. ఇది తెలిశాక నా సిగ్గు కొంచెం తగ్గింది, కోపం కొంచెం పెరిగింది. ప్రపంచంలో వెలువడే కార్బన్‌లో దాదాపు సగం పై 10 శాతం సంపన్నులదే. అంటే తప్పు అందరిదీ ఒకే కొలతలో లేదు.

అలాగని చేతులు ముడుచుకుని కూర్చోమని చెప్పను. ఏది పెద్దది, ఏది చిన్నది అన్నది తెలిస్తే సగం బరువు దిగుతుంది. 2017లో వైన్స్, నికోలస్ అనే ఇద్దరు పరిశోధకులు సంపన్న దేశాల జీవితాల మీద లెక్కలు వేశారు. ఏడాదిలో కారు లేకుండా ఉంటే సుమారు 2.4 టన్నుల కార్బన్ డయాక్సైడ్, అట్లాంటిక్ దాటి వెళ్ళొచ్చే ఒక్క విమాన ప్రయాణం మానితే 1.6 టన్నులు, పూర్తిగా మొక్కల నుంచి వచ్చే ఆహారానికి మారితే 0.8 టన్నులు తగ్గుతాయి. చెత్త మొత్తం వేరు చేసి రీసైక్లింగ్‌కి ఇస్తే తగ్గేది 0.2 టన్నులు. నేను ఏళ్ళ తరబడి సీసా మూతలు కడిగి ఆరబెట్టి దాచేవాణ్ణి, విమానం మాత్రం ఆలోచించకుండా ఎక్కేవాణ్ణి!

మాంసం అంత పెద్దది కావడానికి ఒక కారణం నేల. మనుషులు ఉండదగ్గ నేలలో దాదాపు సగం సాగుకి, మేతకి పోతోంది, అందులో నాలుగింట మూడొంతులు పశువుల కోసమే. పశువులకి పోయే ఆ నేలంతా కలిపి ప్రపంచానికి ఇచ్చే కేలరీలు మాత్రం 20 శాతం కూడా లేవు.

ఇంకోటి, వస్తువుల ఆయుష్షు. ఫోన్ వల్ల వెలువడే కార్బన్‌లో ఎక్కువ భాగం అది మన చేతికి రాకముందే, తయారీలోనే అయిపోతుంది. నా పాత ఫోన్ బ్యాటరీ ఉబ్బి అద్దం ఒక పక్క లేచింది. రిపేరు చేసే అతను సన్నటి రేకుతో అద్దం అంచు చుట్టూ నెమ్మదిగా తిప్పి తెరిచాడు. లోపల బ్యాటరీ తప్ప మిగతాదంతా కొత్తదానిలా మెరుస్తోంది. అరచేతంత వస్తువు, అందులో ఒక్క ముక్క పాడైనందుకు నేను మొత్తం పారేద్దామనుకున్నా. ఇంకో మూడేళ్ళు వాడాను.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. తక్కువ కరెంటు తినే వస్తువులు వస్తే చాలు అనుకుంటాం. తక్కువ బొగ్గుతో నడిచే ఇంజన్లు వచ్చాక బొగ్గు వాడకం పెరిగిందని 1865లోనే విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త చెప్పాడు, చౌకైతే ఎక్కువ వాడతాం కాబట్టి. మిగిలినదాన్ని ఇంకో చోట ఖర్చు పెట్టకుండా ఉంటేనే అది మిగిలినట్టు.

నీలిమబ్బు:

ముగ్గురికీ చాలా థాంక్స్, రెండుసార్లు చదివాను. చెట్టునీడ గారు చెప్పినట్టు జవాబులు ఒక్కటి కూడా మార్చకుండా దేశం మాత్రం మార్చి చూశా. 1.3 కాస్తా 0.8 అయింది. చాలాసేపు ఆ అంకె వంకే చూస్తూ ఉండిపోయా. అదే నేను, అదే చిన్న గది, అదే తిండి, సగం భూమి తేడా. అంటే ఆ సగం నా అలవాట్లది కాదు, నా చుట్టూ ఉన్న ఏర్పాట్లది.

తూనికరాయి గారూ, నైట్రోజన్ సంగతి అసలు తెలియదు, ఈ వారం దాని గురించే చదువుతా. నా 3.1లో అన్నిటికన్నా పెద్ద ముక్క విమానాలే, అవీ చాలావరకు ఆఫీసు మీటింగుల కోసం. రెండు గంటల మీటింగుకి రెండు పక్కలా విమానం. దీన్ని నేనొక్కణ్ణే మానితే ఇంకొకరిని పంపిస్తారేమో, అదొక్కటే అనుమానం.

చెట్టునీడ:

పంపించే అవకాశం ఉంది. అందుకే మానేస్తున్నానని చెప్పకుండా, ఏ మీటింగులకి మనిషి వెళ్ళాలి, ఏవి వీడియోలో సరిపోతాయి అని టీమ్ మొత్తానికి ఒక నియమం పెట్టమని అడగండి. కిందటేడు ఎన్ని ప్రయాణాలు జరిగాయో, అందులో ఎన్ని ఒక్కరోజు పనులో ఒక కాగితం మీద రాసుకుని వెళ్తే మాట నిలుస్తుంది.

నీలిమబ్బు:

సోమవారం అడుగుతా. ఇప్పుడే పాత టికెట్లు మెయిల్లోంచి తీస్తున్నా, నావే పదకొండు తేలాయి.