90 రోజుల పని సర్టిఫికెట్ ఎవరి దగ్గర తీసుకోవాలి?

నమస్కారం. మాది గుంటూరు. మా బావ సెంట్రింగ్ పని చేస్తారు. మేస్త్రి ఎటు పిలిస్తే అటు: గోరంట్ల, విజయవాడ, అమరావతి సైట్లు. పోయిన నెల స్లాబ్ సెంట్రింగ్ విప్పుతూ పైనుంచి పడి కాలు విరిగింది. హెల్మెట్ లేదు, బెల్టు లేదు. బిల్డర్ మొదటి రోజు ఆసుపత్రి ఖర్చు ఇచ్చి, తర్వాత ఫోన్ ఎత్తడం లేదు. అక్కకి ఒకటే టెన్షన్.

భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు బావకి లేదు. 1996లో చట్టం వచ్చింది, నిర్మాణ వ్యయంలో 1 శాతం సెస్సు వసూలు చేసేది ఈ కూలీల కోసమే. అయినా అసలు కష్టపడేవాళ్ళలో చాలామందికి ఆ కార్డు సంగతే తెలియదు, ఇది నాకు చాలా బాధగా ఉంది.

కార్డు కావాలంటే గడిచిన 12 నెలల్లో 90 రోజులు పని చేసినట్టు రుజువు చూపాలి. నలుగురైదుగురు మేస్త్రీల దగ్గర చేసినవారికి సంతకం ఎవరు పెట్టాలి? కొన్ని రోజుల కూలి ఫోన్‌పేలో వచ్చింది, అది చెల్లుతుందా? యూనియన్ లెటర్ సరిపోతుందా? కార్డు లేకపోయినా పరిహారం కోసం లేబర్ ఆఫీసులో బిల్డర్ మీద ఫిర్యాదు చేయొచ్చా? ఇలా చేయించుకున్నవాళ్ళు ఉంటే ముందు ఎవరిని కలవాలో చెప్పండి, దయచేసి.