గుడ్డ డైపర్లు: చెత్త తగ్గిందా, చాకిరీ పెరిగిందా?

బండార్లంక కోడలు
రెండేళ్లుగా ఇంటి వెనక షెడ్డులో చంటిపిల్లల గుడ్డ డైపర్లు కుట్టిస్తున్నానండి. నాలుగు మిషన్లు, ఆరుగురు ఆడవాళ్లం. లోపల నూలుగుడ్డ మడతలు, పైన తడి దిగని పొర. ఒక్కోటి 350 రూపాయలు. మొన్న డ్వాక్రా బజారులో బల్ల వేస్తే ఓ మామ్మగారు పట్టుకు చూసి, "మా ఉచ్చగుడ్డలకి బొత్తాలు పెట్టి రేటు కట్టావే పిల్లా" అన్నారు. నవ్వేశాను. పక్కన బిడ్డనెత్తుకున్న అమ్మాయి మాత్రం నవ్వలేదు. "కొంటాను సరే, ఉతకడానికి నువ్వొస్తావా?" అంది. అప్పట్నుంచీ అదే ఆలోచన. చెత్త తగ్గిస్తున్నాననుకుంటూ బాలింతల నెత్తిన చాకిరీ పెడుతున్నానా? మొహమాటం లేకుండా చెప్పండి.

పాలకొల్లు లాకులు
ఇందులో అడగడానికేముందండీ! ఎండాకాలం కాలువ కట్టేశాక ఓసారి మా వైపు రండి. గుర్రపుడెక్క ఎండినచోట ఉబ్బిపోయిన డైపర్లే. లోపల ఉండేది సోడియం పాలీయాక్రిలేట్, నీళ్లు పీల్చి జావలా అవుతుంది. వాడినవి విడిగా చుట్టి ఇవ్వాలని, చుట్టే సంచి తయారీదారే ఇవ్వాలని 2016లో వచ్చిన ఘనవ్యర్థాల నిబంధనలే చెప్పాయి. మా వీధిలో చుట్టేది క్యారీబ్యాగులో, విసిరేది వంతెన మీంచి. ఆ కాలువ నీళ్లతోనే చెరువు నింపుకుని వేసవంతా తాగుతాం. మీరు కుట్టండి తల్లీ.

కవలల అమ్మ, రాజోలు
లాకుల గారూ, మీరెన్ని డైపర్లు ఉతికారో ముందు చెప్పండి. మాది సముద్రం వైపు. బోరు ఉప్పగా ఉంటుంది, సబ్బు నురగ రాదు, గుడ్డ అట్టలా బిగుస్తుంది. సబ్బు సరిగ్గా పోకపోతే పిల్లల తొడలు ఒరుసుకుపోతాయి. శ్రావణం ముసుర్లో మూడ్రోజులు ఆరక ఫ్యాను కింద తీగ కట్టి వేశాను, ఇల్లంతా ముక్కిపోయిన వాసన. మా ఆయనకి ప్లాస్టిక్ అంటే గిట్టదు. బకెట్టు అంటే అంతకన్నా గిట్టదు!

తణుకు లెక్కల మాస్టారు
ఇద్దరిదీ సగం సగం నిజమే. బ్రిటన్ ప్రభుత్వ పర్యావరణ సంస్థ 2008లో ఈ లెక్క కట్టింది. ఒక బిడ్డకి రెండున్నరేళ్లకి, భూమిని వేడెక్కించే వాయువులు కార్బన్ డయాక్సైడ్ లెక్కన వాడిపారేసేవైతే సుమారు 550 కిలోలు, గుడ్డవైతే 570. అంటే గుడ్డ అనగానే పుణ్యం రాదు. కానీ నిండు మిషను వేసి, ఆరుబయట ఆరేసి, అవే రెండో బిడ్డకీ వాడితే గుడ్డ లెక్క 40 శాతం తగ్గుతుంది. మనూళ్లో దండెం మీద కాక ఎక్కడ ఆరేస్తాం? పైగా తోడికోడలి పిల్లలకీ అవే వెళ్తాయి. ఇంకో మాట: మీ పై పొర కూడా ప్లాస్టిక్కేనమ్మా, అది దాచకండి.

కవలల అమ్మ, రాజోలు
ఆ 570లో చేతుల కూలి ఎంత పడింది మాస్టారూ?

తణుకు లెక్కల మాస్టారు
పడలేదు. ఒప్పుకున్నాను.

బండార్లంక కోడలు
పై పొర సంగతి నిజమే, బల్ల దగ్గర అడిగితేనే చెప్పేదాన్ని. ఇకమీదట అట్టపెట్టె మీదే వేయిస్తాను. ఉతికిచ్చే పని కూడా పెడదామనుకుంటున్నా. అమలాపురంలో ఇళ్ల నుంచి ఆటోలో తెచ్చి, ఉతికి ఆరబెట్టి ఇవ్వడం.

గోదారి రేవు
ఎవరు ఉతుకుతారండి? మా అమ్మ పురిటిళ్ల గుడ్డలు ఉతికేది. పంటకి గింజలు, పండక్కి పాత చీర. కొందరిళ్లలో మూట గుమ్మం బయట పడేసేవారు, చేతికి ఇచ్చేవారు కాదు. నేను చదువుకుని ఆ రేవు దాటి వచ్చాను. ఇప్పుడు పర్యావరణం పేరు పెట్టి మళ్లీ మావాళ్లనే పిలుస్తారా? మీ మీద కోపం కాదు, అడగాలనిపించింది.

బండార్లంక కోడలు
అన్నయ్యగారూ, ఇది నాకు తట్టనేలేదు. నిజం చెప్పాలంటే ఇద్దర్ని మాట్లాడి పెట్టాను, మీరనుకున్నవాళ్లే. ముందు మిషను కొంటాను. రోజుకూలి కుట్టేవాళ్లకెంతో వాళ్లకీ అంతే. అలా లెక్కేస్తే ఇంటికి నెలకి 900 పడుతోంది, అంత పెట్టేది ఉద్యోగస్తులే. మిగతావాళ్లకి పగలు గుడ్డవి, రాత్రికీ ప్రయాణాలకీ వాడిపారేసేవి వాడుకోమని చెప్తాను. నా అమ్మకం తగ్గితే తగ్గనీ. పెట్టె మీద "అమ్మకి ఉతకడం సులువు" అని వేయించాను, అదీ తీసేసి "ఇంట్లో ఎవరైనా ఉతకొచ్చు" అని వేయిస్తున్నా.

కవలల అమ్మ, రాజోలు
కాస్త పెద్దక్షరాల్లో వేయించండి అక్కా. మా ఆయనకి కళ్లజోడు వచ్చింది.