మూడేళ్ల పిల్లలతో చుక్కల మీద స్క్వేర్ దిద్దించాలా?

ఎంవీపీ కాలనీ అమ్మ:
మా బాబుకి మూడున్నరేళ్లు. నర్సరీ నుంచి రోజూ చుక్కల షీట్లు ఇంటికి పంపుతున్నారు. సర్కిల్ దిద్దుతాడు. స్క్వేర్ దగ్గర మాత్రం మూలలు గుండ్రంగా తిప్పేసి, పెన్సిల్ పక్కన పడేస్తాడు. "ఇంట్లో ప్రాక్టీస్ చేయించండి, ఎల్‌కేజీలో వెనకబడతాడు" అని డైరీలో రాశారు. చాలా టెన్షన్‌గా ఉంది. మీరైతే ఏం చేస్తారు?

గాజువాక నాన్న:
దిద్దించండి అండీ. మా పాప కూడా మొదట్లో ఏడ్చేది, ఇప్పుడు చక్కగా రాస్తోంది. మనమంతా పలక మీద దిద్దే కదా నేర్చుకున్నాం. చేయి తిరగాలంటే దిద్దాల్సిందే.

భీమిలి టీచర్:
నాన్నగారూ, మీ మాటతో నేను ఏకీభవించలేను. మూడున్నరేళ్లకి స్క్వేర్ రాకపోవడం వెనకబడటం కాదు. చూసి గీయడంలో పిల్లలకు ఒక వరస ఉంటుంది. గుండ్రం మూడేళ్లకు వస్తుంది, ప్లస్ గుర్తు నాలుగేళ్ల దగ్గర. స్క్వేర్‌కి నాలుగు, నాలుగున్నర పడుతుంది. త్రిభుజం ఐదేళ్లకు గానీ కుదరదు, డైమండ్ ఇంకా ఆలస్యం. గుండ్రం ఒక్క ఊపులో వచ్చేస్తుంది. స్క్వేర్‌కి మూల దగ్గర ఆగాలి, చేతిని మళ్లించాలి, మళ్లీ తిన్నగా వెళ్లాలి. ఏటవాలు గీత అంతకన్నా కష్టం.

ఇంకో మాట. చుక్కలు కలిపేటప్పుడు పిల్లాడి కళ్లు తర్వాతి చుక్క మీదే ఉంటాయి, ఆకారం మీద ఉండవు. షీట్ అయ్యాక తిరగేసి, ఖాళీ వైపు అదే గీయమనండి, తెలుస్తుంది. గుర్తుపట్టడం కూడా అంతే. అట్టముక్క త్రిభుజాన్ని తలకిందులుగా పెట్టి అడిగితే చాలామంది పిల్లలు "ఇది ట్రయాంగిల్ కాదు" అంటారు. ఎన్ని షీట్లు దిద్దినా ఆ సంగతి రాదు. చేత్తో తిప్పి చూస్తేనే వస్తుంది.

గాజువాక నాన్న:
మరి పెన్సిల్ పట్టు ఎలా వస్తుంది మేడమ్? ఇంట్లో ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. షీట్ ఉంటే కనీసం పది నిమిషాలు కూర్చోబెడతాం.

భీమిలి టీచర్:
మీ ఇబ్బంది నాకు తెలుసండీ. అసలు దిద్దించొద్దని నేను అనడం లేదు, వేలితో మొదలవ్వాలంటున్నాను. 1907లో రోమ్‌లో బడి తెరిచిన మరియా మాంటిస్సోరి పద్ధతిలోనూ అంతే. పిల్లలు చెక్క ఆకారాల అంచుల్ని వేళ్లతో తడిమి, వాటి గూళ్లలో సరిగ్గా పెడతారు. లోహపు చట్రాల అంచు వెంట పెన్సిల్ తిప్పడం ఆ తర్వాతే. ఆవిడ 1939లో మన దేశానికి వచ్చి మద్రాసులో టీచర్లకు శిక్షణ కూడా ఇచ్చారు.

వేళ్ల బలానికి పెన్సిలే అక్కర్లేదు. చపాతీ పిండి నలపనివ్వండి, బట్టల క్లిప్పులు పెట్టించండి. మీకున్న పది నిమిషాలకి అది చాలు.

సింహాచలం అమ్మమ్మ:
మనం అక్షరాభ్యాసం బియ్యంలో వేలితోనే కదమ్మా చేయిస్తాం! ఆదివారం ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లి తడి ఇసుకలో గీయించండి. మా మనవరాలు ముగ్గుపిండితో గడపంతా పాడుచేస్తుంది, నేనేమీ అనను.

ఎంవీపీ కాలనీ అమ్మ:
ఇవన్నీ చేస్తాను మేడమ్. కానీ డైరీకి ఏం రాయాలి?

భీమిలి టీచర్:
ఉన్నది ఉన్నట్టు రాయండి. "బాబు స్క్వేర్‌ని గుర్తుపడుతున్నాడు, గీయడానికి ఇంకా సమయం ఉంది, అప్పటిదాకా ఆకారాలతో ఆడిస్తాం." ఎవరైనా కాదంటే, మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం 2023లో విడుదలైన ఎన్‌సీఈఆర్‌టీ జాదుయీ పిటారా సంగతి చెప్పండి, అది ఆటలతో నేర్పే సామగ్రి పెట్టె. అందులో ఆటబొమ్మలు, పజిల్స్ కూడా ఉంటాయి. ఇంట్లో నేల మీద టేపుతో పెద్ద స్క్వేర్ అంటించి దాని మీద నడిపించండి, ప్రతి మూలలో ఆగి తిరగమనండి. మూల దగ్గర ఆగి తిరగడం ఆటలోనే అలవాటవుతుంది. నాలుగు నిండాక కూడా గుండ్రం గీయలేకపోతే అప్పుడు పిల్లల డాక్టర్‌ని అడగండి.

గాజువాక నాన్న:
టేపు ఈరోజే తెస్తాను. కానీ ఎల్‌కేజీ అడ్మిషన్‌కి గీసి చూపించమనే స్కూళ్లు ఉన్నంతకాలం షీట్లు పూర్తిగా ఆపలేను మేడమ్.

భీమిలి టీచర్:
వారానికి ఒకటి చాలండీ. అది కూడా పాప తానుగా అడిగినప్పుడు ఇవ్వండి.